నాలుగో జాడీ

నాలుగో జాడీ మళ్ళీ నల్లబడింది.

మొదటి మూడూ నల్లబడాల్సినవే. వాటిలోని బంకమట్టిలో పరిశోధకురాలైన ఆమె తన చేత్తోనే సీసం కలిపింది. గాలి చొరని బురదలో సూక్ష్మజీవులు కుళ్ళిన గుడ్ల వాసన వేసే వాయువును వదులుతాయి. సీసం దానితో కలిసి, మట్టి పొరల మధ్య నల్లటి సల్ఫైడ్ రేణువులుగా మారుతుంది. నాలుగోది మాత్రం ఏమీ కలపని మట్టి. పోల్చి చూడ్డానికి పెట్టింది.

ఇనుమున్నా నల్లబడుతుంది కదా అని, ఏ లోహమో చెప్పే యంత్రంలో పెట్టి చూసింది. యంత్రానికి మొహమాటం లేదు. సీసమే అంది.

"సబ్బు బాబాయ్!" అని అరిచింది. ల్యాబ్‌లో గాజుసామాను కడిగి జాడీలు నింపే ఆయనకు అందరూ పెట్టిన పేరది. "అన్నిటికీ ఒకే గరిటె వాడితే నా ఏడాది కష్టం మట్టిపాలే కదా!"

"దానికి వేరే గరిటె మేడమ్. మూడుసార్లు కడిగాను."

"అయితే సీసం ఆకాశంలోంచి ఊడిపడిందా?"

ఇంతలో ఫోన్ మోగింది. అత్తగారు.

"పాప మళ్ళీ కడుపునొప్పంటోందమ్మా. ముద్ద ముట్టదు. ఆటలు మాత్రం మానదు."

"ఈ గొడవ తేలనివ్వండి అత్తయ్యా, డాక్టరుకి చూపిద్దాం," అని విసురుగా పెట్టేసింది.

మర్నాడు డైరెక్టరు మొహం వాచేలా చీవాట్లు పెట్టాడు. ఏమీ కలపని మట్టిలోనే సీసం ఉంటే మిగతా మూడింటినీ ఎవరు నమ్ముతారు? నెలరోజుల్లో తేల్చకపోతే ప్రాజెక్టు మూసేస్తానన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. సబ్బు బాబాయ్‌ని తీసేయమని కాగితం రాసింది.

ఆ కాగితం చూసి ఆయన చిన్నబోయాడు. "ఒక్కసారి నన్ను గడప తొక్కనివ్వకుండా చేసి చూడండి మేడమ్. మట్టి ఎప్పటిలా మీరే తెచ్చి, ఈసారి మీరే నింపి, తాళంచెవి మీ దగ్గరే పెట్టుకోండి."

అలాగే చేసింది. కొత్త జాడీ, కొత్త గరిటె. టిఫిన్ బాక్సులో తెచ్చిన మట్టిని తానే నింపి, మూత బిగించి, గదికి తాళం వేసింది.

మూడు వారాలకు తీసి చూస్తే నలుపే. యంత్రం మళ్ళీ సీసమే అంది. ఇక తిట్టడానికి ఎవరూ మిగల్లేదు.

గుమ్మం బయట నిలబడ్డ సబ్బు బాబాయ్ మెల్లగా అడిగాడు. "ఆ మట్టి ఎక్కడిది మేడమ్?"

ఆమె గబగబా ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ముందు పాపను పెరట్లోంచి లోపలికి తీసుకురండి, నేను బాక్సులో పట్టుకెళ్ళిన సీసం మట్టి పాప ఆడుకునే చోటిదే!"