గుండెల మీద పడుకున్న తొండ

అది కాదు అమ్మడూ, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మీ అక్క ట్రైనింగుకి పోతూ గాజుపెట్టెలో పెంచుకునే తన గడ్డం తొండని, అదే ఆ విదేశీ తొండని, నాకు అప్పగించింది కదా. పగలు లైటు కింద పురుగులు తింటుంది, లైటు తీస్తే పడుకుంటుంది, రాత్రిళ్లు ఏమీ ముట్టదు తాతా అని పాఠం చెప్పి మరీ పోయింది. ఇదేమో నాలుగు రోజులుగా నోరే తెరవలేదు. రేపటికీ తినకపోతే ట్రైనింగు వదిలేసి వచ్చేస్తానని నిన్న ఫోనులో ఏడ్చింది. వదిలేస్తే ఉద్యోగం పోయినట్టే.

రాత్రి లైటు తీసి, చలేస్తుందేమోనని దాన్ని నా గుండెల మీద పడుకోబెట్టుకుని దుప్పటి కప్పాను. దానికోసం గాజుపెట్టెలో వదిలిన కీచురాళ్లు ఒకటే గోల. కాసేపటికి అందులో ఒక గొంతు ఆగింది. వెంటనే పెట్టెలోంచి కరకరమని నమిలిన చప్పుడు. తడిమి చూస్తే తొండ నా మీదే ఉంది, నోరు బిగించుకుని నిద్రపోతోంది. ఇంకో గొంతు ఆగింది, మళ్లీ కరకర. ఈసారి నా అరచేతి కింద దాని పొట్ట కొంచెం ఉబ్బింది.

కలగన్నావులే తాతా అంటావేంటి, ముందు రాయి. భయం వేసిందనుకో. కానీ పొట్ట నిండుతుంటే, పిల్ల ఉద్యోగం నిలబడిందన్న సంతోషంలో "ఇంకోటి తినవయ్యా" అని చీకట్లోకి బతిమాలాను. తింది. తెల్లారేసరికి ఒక్క కీచురాయి మిగల్లేదు, దీని పొట్ట గుమ్మడికాయలా ఉంది.

ఇది మీ అక్కకి ఫోనులో చదివి వినిపించు. కడుపునిండా తింది, నువ్వు రావద్దని చెప్పు. అలాగే, పురుగులన్నీ అయిపోయాయి కదా, ఇవాళ రాత్రికి ఆ పెట్టెలో ఉన్నదానికి ఏం పెట్టాలో కనుక్కో.