వెనక బెంచీ మెంబరు

కుసుమ దోసె తిరగేస్తుండగా చేతి పట్టీ ఎర్రగా వెలిగింది. అంటే ఈ రోజు పాఠం చెప్పే అర్హత లేదు. ఉపాధ్యాయ అర్హతల మండలి ఇప్పుడు ప్రతి టీచరునూ పొద్దున్నే ఇలా తేల్చేస్తోంది.

“ఏం తప్పు చేశావంట?” అంది అత్తగారు నాంచారమ్మ.

“నిన్న ఒక పిల్ల, వాళ్ల నాన్న సముద్రం మీద చేపల వేట నుంచి ఇంకా రాలేదని ఏడుస్తుంటే, పాఠం ఆపి ఒళ్లో కూచోబెట్టుకున్నానత్తయ్యా. బోధన ఆగిందంట. ఇది మూడోసారి, ఇక ఉద్యోగం పోయినట్టే.”

నాంచారమ్మకు ఒళ్లు మండిపోయింది. ఆ మండలి పుట్టినప్పుడు అందులో అందరూ మనుషులే. సలహా చెప్పడమే వాళ్ల పని. చదువురాని తల్లి ఒకామె కూడా మెంబరు. ఆమె వెనక బెంచీలో కూచుని, పాఠం తనకు అర్థమైందంటేనే టీచరు నెగ్గినట్టు. నాంచారమ్మ ఎన్నో ఏళ్లు కూచున్న బెంచీ అది. తర్వాత పెద్ద చదువులవాళ్లు చేరి ఆమెను దండగన్నారు. ఆపైన యంత్రం వచ్చి వాళ్లనీ దండగంది. సలహా కాస్తా శాసనమైంది.

“స్టవ్వు కట్టేసి పద.”

“నన్ను చూస్తే బడి గేటు తెరుచుకోదత్తయ్యా!”

“దాని మొహం. పిల్లలు బయటికి రాలేరా?”

నాంచారమ్మ కేకేస్తే పిల్లలంతా వచ్చి బడి గోడ పక్కన మట్టిలో కూచున్నారు. కుసుమ పాఠం మొదలెట్టింది. నిన్న ఏడ్చిన పిల్ల ఆమె కొంగు పట్టుకుంది. గేటు మాత్రం “అర్హత లేదు, అర్హత లేదు” అని అరుస్తూనే ఉంది.

నాంచారమ్మ అందరి వెనకా చతికిలబడి, దాన్ని మించి అరిచింది.

“నోర్ముయ్యవే! నాకు పాఠం వినపడట్లేదు.”