రెండో మనిషి

అమెరికాలో, లేక్ సుపీరియర్ అనే పెద్ద సరస్సు మధ్యలో ఉన్న ఆ ద్వీపంలో పాత లైట్‌హౌస్‌ని మ్యూజియం చేశారు. అక్కడ ఒంటరిగా కాపలా కాసినవాళ్ల మాటల్ని గోడలకి తగిలించారు. వాటిని ఫొటోలు తీయడానికి వెళ్లాను. చీకటి పడింది. గాలి ఎక్కువై బోటు రాలేదు.

"ఒక్కదానివే ఎలా ఉంటావు పర్సిస్?" అన్నారు మా ఆయన ఫోన్‌లో.

"ఒక్క రాత్రేగా. భయపెట్టడానికైనా ఇక్కడ నరమానవుడు లేడు."

ఫోన్ పెట్టేసి చివరి బోర్డు చదివాను. వందేళ్ల కిందటి కాపలాదారు మాట: "రోజూ మోకరించి ప్రార్థిస్తాను. ఆమెన్ అనడానికి రెండో మనిషి లేడు."

పాపం అనిపించింది. ఎవరు ప్రార్థన చేసినా చివర్లో ఆ మాట అనడం చిన్నప్పటి నుంచీ అలవాటు. నోట్లోంచి వచ్చేసింది.

"ఆమెన్."

పైగదిలో, చాలాసేపట్నుంచి మోకాళ్ల మీదున్న మనిషెవరో లేచినట్టు, చెక్కనేల కిర్రుమంది.