మొదటి బెల్టు

“లోపలికి రండి సార్, గుమ్మంలోనే ఆగిపోయారే?” అంది అమలమ్మ.

కాశీరావు కదల్లేదు. విప్పిన చెప్పులు చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు.

“లోపలికొచ్చే మొహం లేదమ్మా నాకు. నేను నేసిన పట్టీయే ఏసుపాదాన్ని పొట్టన పెట్టుకుంది.”

మంచం మీద పడుకున్న తెరేసమ్మ లేచి కూర్చుంది. కొడుకు పోయి నలభై రోజులైనా ఆవిడ గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“నువ్వేనా ఆ బెల్టు చేసినోడివి? నిన్ను నమ్మి అంత ఎత్తు ఎక్కాడు గదయ్యా నా కొడుకు!”

“ఆయన్నేమీ అనొద్దత్తా,” అంది అమలమ్మ గబుక్కున. “నీకు దణ్ణం పెడతా.”

కాశీరావుది నాగాయలంక దగ్గర చేపలు పట్టే కుటుంబం. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని వలలు అల్లాడు. తర్వాత మద్రాసులో నేత చదువు చదివి, బెజవాడలో ఓ చిన్న మిల్లులో చేరాడు. పంచదార ఫ్యాక్టరీలకు రసం వడకట్టే గుడ్డ, లారీల మీద సరుకు బిగించే పట్టీలు అక్కడ నేసేవారు. “బట్టంటే కట్టుకునేదే కాదమ్మా, బరువు మోసేది కూడా,” అనేవాడు కొత్తగా చేరిన ఆడవాళ్లతో. అమలమ్మ అక్కడే కుట్టు మిషను మీద పనిచేసేది.

డెబ్బై అయిదులో ఇబ్రహీంపట్నం దారిలో ఒక ఫ్యాక్టరీకి పొగగొట్టం కట్టడం మొదలుపెట్టారు. ఏసుపాదం ఆ పనిలో చేరాడు. పైకెక్కే వాళ్లకు నడుముకు కట్టుకోను జనపనార బెల్టులు ఇచ్చారు. అమలమ్మ ఒకరోజు మొగుడి బెల్టు తెచ్చి చూపిస్తే, కాశీరావు దాని అంచు పట్టుకుని వేళ్లతోనే చీల్చేశాడు.

“దీన్ని నమ్ముకునా మీ ఆయన పైకెక్కేది?”

ఆ రోజు నుంచి ఆరు నెలలు ఆయనకు వేరే ధ్యాస లేదు. రెండు పొరలు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే పట్టీగా వచ్చే నేత తయారుచేశాడు. పడుగులో నిలువు పోగులన్నీ నైలానువే వేయాలనుకున్నాడు గానీ సరిపడా దొరకలేదు. మూడో వంతు నూలు కలిపాడు. నేసిన ప్రతి పట్టీకీ ఒక కొసన ఇసుక బస్తా కట్టి, రెండో కొస పైన బిగించి, మిల్లు డాబా మీంచి కిందికి తోసేవాడు. తెగితే మళ్లీ మగ్గం దగ్గరికి. చివరికి ఒకరోజు తనే నడుముకు కట్టుకుని దూకాడు. కింద నిలబడ్డ అమలమ్మ కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ఆయన గాలిలో వేలాడుతూ చిన్నపిల్లాడిలా నవ్వుతున్నాడు. కొక్కెం దగ్గర కుట్లు ఆమె వేసినవే.

“మొదటి బెల్టు మీ ఆయనకేనమ్మా,” అన్నాడు కిందికి దిగాక. ఆ తర్వాత పైకెక్కే మిగతా వాళ్లకూ అవే ఇచ్చారు.

ఫిబ్రవరిలో గుణదల కొండ మీద మేరీమాత ఉత్సవాలు వచ్చాయి. చుట్టాలతో ఇల్లు నిండిపోయింది. ఈ ఒక్క పూట పని మానేసి అందరితో కలిసి కొండకు రమ్మని అమలమ్మ బతిమాలింది. ఏసుపాదం వినలేదు. విసుక్కుంటూ సైకిలెక్కి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి కబురొచ్చింది. బెల్టు తెగి పడిపోయాడంటూ కాంట్రాక్టరు మిల్లుకు కాగితం పంపాడు.

“ఆ తెగిన ముక్కను ఒక్కసారి చూపించమని కాళ్లరిగేలా తిరిగానమ్మా,” అన్నాడు కాశీరావు. “చూపించలేదు. మన దగ్గర మిగిలిన ముప్పై బెల్టులూ లాగి చూశా. ఒక్కటీ తెగలేదు. మరి ఆయనదే ఎందుకు తెగిందో! ఆ నూలు కలపకుండా ఉండాల్సింది.”

అమలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ వింది.

“ఏసుపాదం ఎప్పుడన్నా ఏవన్నా అన్నాడా? దారం లేచిందనో, కుట్టు వదులైందనో?”

అత్త మంచం మీంచి చెవి ఒగ్గి వింటోంది.

“ఏమీ అన్లేదు సార్.”

“ఓనరు గారు బెల్టుల పని ఆపించేశారు. ఉన్నవన్నీ నిన్న తగలబెట్టించారు.”

అమలమ్మ చప్పున తలెత్తింది. “తగలబెట్టారా? మంచి బెల్టుల్ని?”

“మంచివంటే ఇప్పుడెవరు నమ్ముతారమ్మా? పాత జనపనారవి అక్కడ షెడ్డులోనే పడున్నాయిగా. పైనున్నోళ్లు మళ్లీ అవే కడుతున్నారట.”

అమలమ్మ మళ్లీ కొంగు వేలికి చుట్టుకుంది.

“మరి మీరేం చేస్తారండీ?”

“ఉద్యోగం వదిలేశా. మా ఊరు పోయి వలలు అల్లుకుంటా. వల తెగితే చేప పోద్ది, అంతేగా.” కాశీరావు చెప్పులు కింద పెట్టి రెండు చేతులూ జోడించాడు. “క్షమించానని ఒక్క మాట అనమ్మా. అది విని వెళ్లిపోతా.”

అమలమ్మ అత్త మంచం వైపు ఒకసారి చూసింది. ఆయన చేతులు దించకుండా అలాగే నిలబడ్డాడు.

“క్షమించాను సార్,” అంది చివరికి.

కాశీరావు కళ్లు తుడుచుకుని వీధిలోకి నడిచాడు. సందు మలుపు దాకా వెళ్లాడో లేదో, అమలమ్మ గుమ్మం దాటి పరిగెత్తింది.

“కాశీరావు గారూ!”

ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. ఆమె వెనక, గుమ్మం పట్టుకుని తెరేసమ్మ నిలబడి ఉంది.

“ఈ వేళప్పుడు మీకు బస్సు దొరుకుద్దాండీ?” అంది అమలమ్మ.

దొరుకుతుందన్నట్టు తలూపి, ఆయన మలుపు తిరిగిపోయాడు.

ఆ పండగ పూట ఏసుపాదాన్ని పనికి వెళ్లనివ్వకూడదని, కాశీరావు ఇచ్చిన బెల్టును ఇంట్లో దాచేసింది అమలమ్మే.