నల్ల టేపు పన్ను

ఆ రోజు ఇంట్లో నాన్నమ్మ, తారస్, చెల్లెలు లేస్యా, జట్టు ఫొటోకి తారస్‌ని తీసుకెళ్ళడానికొచ్చిన ముగ్గురు మంచు హాకీ కుర్రాళ్ళు ఉన్నారు. ఆ ముగ్గురికీ ఆటల్లో ఊడి ముందుపళ్ళు లేవు. నాన్నమ్మ పెట్టిన, బంగాళాదుంప కూరి ఉడికించిన పిరోగీలు పక్కపళ్ళతో నములుతున్నారు.

లేస్యా స్నానాలగది తలుపు తోసింది. లోపల తారస్ అద్దంలో చూసుకుంటూ, హాకీ కర్రకు చుట్టే నల్ల టేపు ముక్కని ముందుపన్ను మీద అంటించుకుంటున్నాడు.

"అన్నయ్యా! నీ పన్ను ఊడలేదా?"

"అరవకే తల్లీ! మొన్నటి ఆటలో ఊడిందని వాళ్ళకి గొప్పలు చెప్పాను. తెలిస్తే చంటిపిల్లాడంటూ ఏడాదంతా ఏడిపిస్తారు."

లేస్యాకి నవ్వాగలేదు. వారం నుంచీ నోటికి అడ్డం పెట్టుకుంటున్న చెయ్యి జారిపోయింది.

తారస్ నోరు తెరిచాడు. టేపు ఊడి సింకులో పడింది.

"నీ పన్నేదే?"

"చెరువు గడ్డకట్టింది కదా, అక్కడ ఆడుతుంటే రబ్బరు బిళ్ళ తగిలింది. నాన్నమ్మకి చెప్పకు."

"ఏడ్చావా?"

"ఊహూఁ. గోలు ఆపాను."

తారస్ ఆ పంటిసందు వైపు ఆశగా చూశాడు.

"ఒరేయ్ తారస్, ఎంతసేపురా!" వంటింట్లోంచి కుర్రాళ్ళ కేక.

తారస్ గబగబా టేపు అంటించుకుని బయటికి దూకాడు. లేస్యా నవ్వుతూనే వెంటపడింది.

"నువ్విక్కడే ఉండవే! నిన్ను చూశారంటే నన్నొదిలేసి నిన్నే ఫొటోకి తీసుకుపోతారు!" అంటూ ఆమె మొహాన తలుపు వేసేశాడు.