లస్మవ్వ పసుపు

“ఒక్క ఆకు ముక్క చాలు అవ్వా. దాంట్ల జన్యువుల రాత ఉంటది. అదంత మా మిషన్ చదువుతది,” అంది ఐశ్వర్య. పాత పసుపు రకాల జన్యుక్రమాలు నమోదు చేయడానికి జగిత్యాల నుంచి వచ్చిన శాస్త్రవేత్త ఆమె.

“మొక్కలకు తెగులు తగిలింది మేడం. వచ్చే ఏడు రాండ్రి,” గబుక్కున అడ్డుపడింది కల్పన.

“ఏం తెగులే? పొద్దుగాలనే చూసొచ్చిన,” అంటూ అత్త లస్మవ్వ తానే ముందు నడిచి చేను చూపించింది.

రాయికల్ చుట్టుపక్కల లస్మవ్వ పసుపంటే తెలియనివారు లేరు. పెళ్లినాడు తల్లి ఇచ్చి పంపిన విత్తనం అది. నలభై ఏళ్లుగా అందులో మరో రకం కలవనివ్వలేదు. అడిగినవారికి దోసెడు పసుపు పెట్టేది గానీ, విత్తనపు కొమ్ము ఒక్కటి కూడా ఇచ్చేది కాదు.

“మూడేండ్ల కింద మా సార్లు మీ చేన్ల తెంపుకపోయిన ఆకు ఇంకా ఫ్రీజర్ల ఉంది. దీని రాత దాని రాతతోని కలిస్తే రకం మారలేదన్నట్టు. అప్పుడు ఈ రకం మీ పేరు మీదనే రిజిస్టర్ చేపిస్త,” అంది ఐశ్వర్య.

“కలువకపోతే?” అడిగింది కల్పన.

“గదేం మాట!” అత్త నవ్వింది. “కలువకపోతే నేను ఊర్లె మొకం ఎట్ల చూపియ్యాలె?”

కలవదని కల్పనకు తెలుసు.

రెండేళ్ల క్రితం మామ హన్మండ్లు ఆపరేషన్‌కని అత్త ఆస్పత్రిలో ఉంది. పసుపు ఉడికించేవాళ్లు బాయిలర్‌తో వచ్చారు. ఉడికించాల్సిన కుప్పకు బదులు కల్పన పొరపాటున విత్తనపు కుప్ప చూపించింది. తెలుసుకునేసరికి కొమ్ములన్నీ ఉడికిపోయాయి. ఉడికిన కొమ్ము మొలవదు.

ఏడుస్తూ వెనకింటి బుచ్చవ్వ దగ్గరికి పరుగెత్తింది. బుచ్చవ్వ తన పెరట్లో పండిన పసుపు రెండు బస్తాలు పంపింది. పైసా తీసుకోలేదు. “నేనిచ్చిన్నని మీ అత్తకు చెప్పద్దు,” అని మాత్రం ఒట్టు వేయించుకుంది. ఆ మంచితనానికి కల్పన చేతులెత్తి మొక్కింది.

అత్త తిరిగొచ్చి ఒక కొమ్ము విరిచి వాసన చూసింది. మారు మాట లేకుండా నాటించింది. ముసలితనంలో ముక్కు మందగించిందనుకుంది కల్పన.

ఫలితానికి నాలుగు నెలలన్నారు. నాలుగు నెలలూ కల్పనకు ఆ ఇంట్లో ఊపిరాడలేదు. చెప్పేద్దామని నోరు తెరిస్తే, “మా అవ్వ పేరు నిలవడ్తది పిల్లా,” అని అత్త మురిసిపోయేది. భర్త రంజిత్‌కు చెబుదామంటే అతను అప్పటికే చుట్టాలందరికీ కబురు పెట్టాడు. కోరుట్లలోని పుట్టింటికి పోదామని బట్టలు సర్దుకుంది. “రిపోర్ట్ వచ్చే యాల్లకు యాడికి పోతవ్?” అని అత్త సంచి లాక్కుంది.

ఆ రోజు రానే వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా కూడింది. కల్పన అందరికన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడింది.

“కలిసింది అవ్వా!” ఐశ్వర్య గొంతు పెద్దది చేసింది. “పాత ఆకు, కొత్త ఆకు రెండూ ఒక్కటే. ఇసొంటి రకం మేం తిరిగిన ఇంకే ఊర్లె లేదు.”

చప్పట్లు మోగాయి. అత్త తనకు కప్పిన శాలువా తీసి కల్పన భుజాల మీద వేసింది. “నేను దవాఖాన్ల ఉంటే ఇత్తనం కాపాడింది నా కోడలే!”

కల్పనకు ఏమీ అర్థం కాలేదు. మిషన్ తప్పు చదివిందా? ఆ శాలువాతోనే బుచ్చవ్వ ఇంటికి నడిచింది. మీటింగుకు రాని మనిషి బుచ్చవ్వ ఒక్కతే.

“బుచ్చవ్వత్తా, గా పసుపు నీదే గదా? మా అత్తదాంతోని ఎట్ల కలిసింది?”

బుచ్చవ్వ లేచి తలుపు దగ్గరకు వేసింది.

“ముప్పై ఏండ్ల కింద మీ చేన్ల పసుపు తవ్వ కూలికొచ్చి, మీ అత్త చూడకుంట రెండు కొమ్ములు ఒళ్లె దాసుకపోయిన బిడ్డా.”