డైలాగు మరిచే చోటు

"గస్పార్ గారిని మార్చేద్దాం," అన్నాడు ఈ ఏడే కొత్తగా డైరెక్టరైన మయేల్, నాటకం ప్రతిని చుట్టి చంకలో పెట్టుకుంటూ. "చివరి సీన్లో ఇవాళ కూడా డైలాగు మర్చిపోయారు."

రిహార్సల్ అప్పుడే అయింది. గస్పార్ మొహాన రంగు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళాడు. ఫిర్మాన్ మాత్రం ఈకల టోపీతో స్టేజీ మీద సోఫాలోనే ఉండిపోయాడు.

"అది మర్చిపోవడం కాదయ్యా. జనం నవ్వేదే అక్కడ."

"ఆయన తెల్లమొహం వేస్తే జనం నవ్వుతున్నారు. రెండూ ఒకటేనా? డెబ్బై నాలుగేళ్ళు, పాపం. ఎంతకని గుర్తుపెట్టుకుంటారు? ఆ పాత్రకి మా బావ రెడీగా ఉన్నాడు."

ఆ ఊళ్ళో ద్రాక్షకోతలైనా వెనకబడతాయేమో గానీ ఈ నాటకం వెనకబడదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ప్రతి మార్చిలోనూ మూడు సాయంత్రాలు ఆడాల్సిందే. టోపీల కొట్టు పెట్టుకుని కాపురం చేసుకుంటున్న ఇద్దరు మగవాళ్ళ కథ. బిషప్ గారు టోపీ కొలతలివ్వడానికి స్వయంగా ఇంటికే వస్తున్నారని తెలిసి, ఒకడు, అంటే ఫిర్మాన్ పాత్ర, హడావిడిగా వంటమనిషి వేషం కడతాడు. ఇక చూసుకోండి రభస. చివరికి బిషప్ గారు పరివారంతో సహా వెళ్ళిపోతారు. సోఫా మీద ఇద్దరే మిగులుతారు. గస్పార్ ఫిర్మాన్ చేయి పట్టుకుని, "వాళ్ళు వెళ్ళిపోయారు. ఇక నువ్వు నువ్వుగా ఉండు," అనాలి.

పట్టుకుంటాడు. అనడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... హాలంతా గొల్లున నవ్వుతుంది. అప్పుడంటాడు. పళ్ళూడిన ముసలమ్మలు కూడా మనవల్ని వెంటేసుకుని ఆ ముక్క కోసమే వస్తారు.

ఫిర్మాన్ గడియారాలు బాగుచేసేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఇంటికెళితే చప్పుడు చేసేవి గోడ గడియారాలే. దారిలో కనబడితే చేయి కలిపేవాళ్ళు ఊరంతా ఉన్నారు గానీ, పట్టుకున్న చేయి వదలకుండా ఉంచుకునే మనిషి ఆ మూడు సాయంత్రాలు తప్ప అతనికి లేడు. ఆ ఆగడం మరపా, ఇంకేమన్నానా అని గస్పార్‌ని ఎన్నడూ అడగలేదు. మరపే అంటాడేమోనని భయం.

"అయితే నన్ను కూడా తీసెయ్," అన్నాడు.

"మీరు అలగకండి బాబూ. మీరు లేకపోతే హాల్లో ఈగలు తోలుకోవాలి," అని మయేల్ పక్క తెర వైపు తిరిగాడు. "ఒదీల్ గారూ! మీ ఆయన అక్కడ నీళ్ళు నములుతుంటే మాట అందించరేం? పాత వీడియోలన్నీ చూశాను. ఒక్క ఏడాది కూడా అందించలేదు. ప్రాంప్టింగ్‌కి కూర్చుంటున్నారా, కునుకు తీస్తున్నారా?"

ఒదీల్ గస్పార్ భార్య. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆ తెర చాటున మడత స్టూలు మీద, ఒళ్ళో ప్రతి పెట్టుకుని కూర్చుంటోంది. ఊరంతా చూసిన నాటకంలో ఊళ్ళో ఎవరూ చూడని మనిషి ఆమె ఒక్కతే.

"కునుకు నీ మొహం! ఆయన్ని ఆపేది నేనే," అంది.

"మీరా?"

"వేలు చూపిస్తాను. నవ్వు లేచి, మళ్ళీ సద్దుమణిగేదాకా దించను. నేను వేలు దించాకే ఆయన నోరు తెరవాలి. దీన్ని టైమింగ్ అంటారు బాబూ. నీకెవరూ నేర్పలేదా?"

"మరి ఇవాళ రిహార్సల్లో నవ్వడానికి జనం ఎక్కడున్నారండీ?"

"మా ఆయన ఆవుల డాక్టరు. వాటితో ఉండి ఉండి ఆయనా అంతే. రోజుకో రకంగా తోలితే బెదిరిపోతాడు. జనం ఉన్నా లేకపోయినా ఒకటే పద్ధతి."

మయేల్‌కి నవ్వాగలేదు. "సరే, సరే. మా బావకి నేను చెప్పుకుంటాలెండి," అంటూ హాలు కిటికీలు మూయడానికి వెళ్ళాడు.

గస్పార్ పాత్ర గస్పార్‌కే దక్కింది. అయినా ఫిర్మాన్ సోఫాలోంచి లేవలేకపోయాడు. మరపైనా బాగుండేది. మరపైతే కనీసం గస్పార్ సొంతం. ఇది భార్య చూపించిన వేలు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా దాచుకున్నదంతా జనాన్ని నవ్వించడానికి పెట్టిన ఏర్పాటన్నమాట. ఆ ఖాళీ హాల్లో, ఆ ఈకల టోపీ కింద, ఇంత ఒంటరివాణ్ణని అతనికి ఎన్నడూ అనిపించలేదు.

"మంచి ఎత్తే వేశావు ఒదీల్," అన్నాడు నవ్వబోయి. "పక్కనే కూర్చునే నాకే తెలియలేదు."

ఒదీల్ స్టూలు మడిచి వచ్చి అతని పక్కన కూర్చుంది. లోపల కుళాయి ఇంకా పారుతూనే ఉంది. ఆమె గొంతు తగ్గించింది.

"ఎత్తూ లేదు, వేలూ లేదు. ఆ కుర్రాడి నోరు మూయించాలి కదా, అందుకన్నాను."

"అంటే నిజంగానే మర్చిపోతాడా?"

"నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఏటా జనవరి నుంచీ మా వంటింట్లో నీ పాత్ర చదివేది నేనేగా," అంది ఒదీల్, తన చేతివేళ్ళు చూసుకుంటూ. "ఫిర్మాన్, నా చేయి పట్టుకుని చెప్పేటప్పుడు ఆయన ఒక్కసారి కూడా ఆగలేదు."